ఇంట్లో కీమో, వీధిలో హాలోవీన్: ఒక తల్లి ప్రశ్నకు నా సమాధానం

మీ ప్రశ్నను నిన్న రాత్రి ఒకసారి, ఈ ఉదయం కాఫీ తాగుతూ మరోసారి చదివాను. ఆరేళ్ల బాబుకు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉందని వసంతకాలంలో తేలిందని, ప్రస్తుతం డిలేయ్డ్ ఇంటెన్సిఫికేషన్, అంటే కీమోను మళ్ళీ గట్టిగా ఇచ్చే దశ నడుస్తోందని, పదేళ్ల అమ్మాయి, అక్టోబరు 31న పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్ళి చాక్లెట్లు అడిగే హాలోవీన్‌కు అస్థిపంజరం వేషమే కావాలని పట్టుబట్టిందని, మీకు చేదోడుగా ఉండడానికి కాకినాడ నుంచి వచ్చిన అత్తగారు మాత్రం "పిల్లాడు అలా ఉంటే ఇంట్లోకి ఎముకల బట్టలు తెస్తారా" అని రెండు రోజులుగా సరిగా భోజనం కూడా చేయడం లేదని రాశారు. బాబును ఆ సాయంత్రం వీధిలోకి తీసుకువెళ్ళవచ్చా అన్నది మీరు అడిగిన ప్రశ్న. అయితే చివర్లో, రాయాలా వద్దా అని తటపటాయించినట్టుగా, ఎదురింటివారు పండుగ అలంకరణగా పచ్చికలో పాతిన ఉత్తుత్తి సమాధిరాళ్ళను చూస్తే మీకే కడుపులో దేవినట్టు అవుతోందని, ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేకపోతున్నారని మరో వాక్యం చేర్చారు. మొదటిదానికి సమాధానం కొంచెం సులువే. ఆ చివరి వాక్యం కోసమే ఇంత పొడుగున రాస్తున్నాను.

నేను న్యూజెర్సీలో పిల్లల రక్తవ్యాధులు, క్యాన్సర్ విభాగంలో 24 ఏళ్లు నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. పుట్టి పెరిగింది కోనసీమలో. మీ బాబు రక్తపరీక్షల కాగితం నా ముందు లేదు కనుక అతణ్ణి చూస్తున్న డాక్టర్లు చెప్పినదానికీ నేను చెప్పేదానికీ తేడా వస్తే వారి మాటే వినండి. అక్టోబరు మూడో వారం రాగానే మా క్లినిక్ ఫోన్లలో సగం ఇవే ప్రశ్నలు ఉండేవి కాబట్టి, ఆ అనుభవంతో చెప్పగలిగినంత చెబుతాను.

వెళ్ళడమా మానడమా అన్నది క్యాలెండరు తేల్చే విషయం కాదు, కౌంట్స్, అంటే రక్తకణాల సంఖ్యలు, తేల్చే విషయం. డిలేయ్డ్ ఇంటెన్సిఫికేషన్ రెండో సగంలో పిల్లల కౌంట్స్ బాగా పడిపోతాయి. ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ సంఖ్య, అంటే మీరు ప్రతి విజిట్‌లో వినే ఆ ఏఎన్‌సీ, 500 కంటే తక్కువకు దిగితే చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో పెద్దదవుతుంది. కాబట్టి అక్టోబరు 31కి ముందు జరిగే పరీక్ష ఫలితం చేతికి వచ్చేదాకా బాబుకు "వెళ్దాంలే" అని మాట ఇవ్వకండి. దానికి బదులు ఇప్పుడే రెండు పథకాలు చెప్పి ఉంచండి: కౌంట్స్ బాగుంటే మన వీధిలో నాలుగిళ్ళు, బాగోలేకపోతే మన ఇంట్లోనే నాలుగు గదులు. రెండింటికీ వేషం ఒకటే, సంచీ ఒకటే. ముందుగా తెలిసిన రెండో పథకాన్ని పిల్లలు శిక్షలా తీసుకోరు. ఆఖరి నిమిషంలో చెప్పిన "వద్దు"ను మాత్రం చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు.

అసలు 31వ తేదీనే జరగాలన్న పట్టింపు కూడా అక్కర్లేదు. 2012లో శాండీ తుఫాను అక్టోబరు 29న మా రాష్ట్రాన్ని ఊపేసినప్పుడు, కరెంటు తీగలు వీధుల్లో పడి ఉన్నాయని అప్పటి గవర్నరు క్రిస్ క్రిస్టీ ఉత్తర్వు జారీచేసి మరీ హాలోవీన్‌ను నవంబరు 5కు మార్చారు. తుఫాను కోసం రాష్ట్రమంతా ఆగినప్పుడు, న్యూట్రోఫిల్స్ కోసం ఒక ఇల్లు ఆగడంలో వింత లేదు. మా వార్డులో నవంబరు మధ్యలో కూడా ఈ పండుగ చేసుకున్న పిల్లలు ఉన్నారు. పైగా అప్పటికి దుకాణాల్లో చాక్లెట్లు సగం ధరకే వస్తాయి.

కౌంట్స్ అనుమతించి వెళ్ళగలిగితే, ఆరుబయట నడవడం మేలు. స్కూల్లోనో కమ్యూనిటీ హాల్లోనో తలుపులు మూసి జరిపే పార్టీలకు ఈ ఏడాది వద్దనండి. వెలుగు ఉండగానే బయలుదేరి అరగంటలో తిరిగి రండి. ఆ రాత్రి పిల్లలకు నిజమైన ప్రమాదం దయ్యాల నుంచి కాక కార్ల నుంచి వస్తుంది, కాబట్టి చేతిలో టార్చి ఉండాలి. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు తీసుకుంటున్న పిల్లలకు కొన్నాళ్ళు పాదం ముందుభాగం సరిగా లేవక, నడిచేటప్పుడు వేళ్ళు నేలకు రాసుకుంటాయి. అటువంటి పిల్లవాడికి నేలమీద ఈడ్చుకునే అంగీ తొడిగితే మెట్ల మీద తట్టుకుని పడతాడు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే ఆ దెబ్బ ఆసుపత్రిదాకా వెళ్తుంది. చీలమండ పైకి ఉండే ప్యాంటు, అలవాటైన బూట్లు, ఛాతీ దగ్గర మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చిన పోర్ట్ మీద ఒత్తుకోని వదులు చొక్కా వేయించండి. రబ్బరు ముసుగు వద్దు, ముఖానికి రంగులూ వద్దు. కీమోలో చర్మం పల్చగా ఉంటుంది, మర్నాడు దద్దురు వస్తే అది రంగు వల్లా ఇన్ఫెక్షన్ వల్లా అని తేల్చడానికే ఒక పూట పోతుంది. సర్జనో, నింజానో, వ్యోమగామియో అయితే మామూలు మాస్కు కూడా వేషంలో భాగమైపోతుంది. తల మీద జుట్టు రెండోసారి రాలుతున్న ఈ దశలో, వీధిలో అందరి తలల మీదా ఏదో ఒకటి ఉండే రోజు ఇదొక్కటే అన్న సంగతి మీ బాబు మీకంటే ముందే గమనించి ఉంటాడు.

ఈ దేశంలో ఈ పండుగ చుట్టూ అల్లుకున్న కొన్ని సరదాలను మాత్రం నేను గట్టిగా వద్దంటాను. గుమ్మడితోటలకు వెళ్ళి ఎండుగడ్డి బండి మీద ఊరేగడం అందులో మొదటిది. ఎండుగడ్డిలో బూజు ఉంటుంది, కౌంట్స్ లేని పిల్లల ఊపిరితిత్తుల్లో ఆ బూజు చేసే పని మేము చూశాము. అదే కారణంగా కోసి లోపల దీపం పెట్టిన గుమ్మడికాయ ఇంట్లో ఉండకూడదు, అది మూడు నాలుగు రోజుల్లో లోపలినుంచి బూజుపడుతుంది. కోయకుండా పైన రంగులు వేసిన కాయను గుమ్మం బయట పెట్టుకోండి, మెత్తబడగానే పెద్దవాళ్ళెవరైనా తీసి పారేయండి. తోటల దగ్గర అమ్మే పాశ్చరైజ్ చేయని యాపిల్ సైడర్, పుల్లకు గుచ్చిన క్యారమెల్ యాపిల్స్ కూడా వద్దు. 2014 చివర్లో ఆ క్యారమెల్ యాపిల్స్ నుంచే లిస్టీరియా అనే బ్యాక్టీరియా పాకి అనేక రాష్ట్రాల్లో జనం జబ్బుపడ్డారు. కంపెనీ కాగితంలో చుట్టి ఉన్న చాక్లెట్లు తినవచ్చు. నోట్లో పుళ్ళు ఉంటే పుల్లటివీ, గట్టివీ పక్కన పెట్టండి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చే వారమైతే బాబు అర్ధరాత్రి లేచి సంచీ అడుగుతాడని ముందే సిద్ధపడండి. ఆ మందువల్ల ఆకలీ, కోపమూ, ఒక్కొక్కసారి రక్తంలో చక్కెరా పెరుగుతాయి కనుక రోజుకు ఎన్ని అన్నది డాక్టరు చేతే చెప్పించండి. మీరు చెబితే మీతో తగువు, డాక్టరు చెబితే రూలు.

మీ అత్తగారు వాట్సాప్‌లో చూసిన విషం కలిపిన చాక్లెట్ల సంగతి కూడా అడిగారు. ఆ భయం ఇక్కడివాళ్ళకూ ఉంది. ఒకప్పుడు కొన్ని ఆసుపత్రులు పిల్లల సంచులను ఎక్స్‌రే తీసి ఇచ్చేవి. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త దశాబ్దాల తరబడి పత్రికల్లో వచ్చిన ఉదంతాలను ఒక్కొక్కటిగా వెతికి చూసి, ముక్కూమొహం తెలియనివాళ్ళు పంచిన హాలోవీన్ మిఠాయి తిని పిల్లలు చనిపోయారని రుజువైన సందర్భం తనకు ఒక్కటీ కనిపించలేదని తేల్చారు. 1974లో టెక్సాస్‌లో నిజంగానే ఒక బాలుడు సైనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయాడు. ఇన్సూరెన్సు డబ్బు కోసం అది పెట్టింది వీధిలోవాళ్ళు కారు, కన్నతండ్రి. ఇది చెబితే మీ అత్తగారికి ధైర్యం వస్తుందో, లోకం మీద మరింత విరక్తి పుడుతుందో నేను చెప్పలేను. చిరిగిన కాగితమున్నవి, ఇంట్లో చేసినవి తీసి పారేస్తామని చెప్పండి, చాలు.

అత్తగారి మాటకు వస్తాను. ఆవిడ మూఢనమ్మకం అని మీవారు విసుక్కున్నారని రాశారు. నాకు అలా అనిపించలేదు. ఆవిడ తరానికి బ్లడ్ క్యాన్సర్ అంటే పాత సినిమాల్లో ఇంటర్వెల్ తరువాత దగ్గి, రుమాలులో రక్తం చూసుకుని, పాట పాడి కన్నుమూయడమే. వాళ్ళు అనుకున్నది అప్పటికి అబద్ధం కూడా కాదు. 1960ల మొదట్లో ఈ జబ్బు వచ్చిన పదిమంది పిల్లల్లో ఐదేళ్లు దాటి బతికినవారు ఒక్కరు కూడా ఉండేవారు కారు. ఇప్పుడు ఈ దేశంలో పదింట సుమారు తొమ్మిదిమంది బతుకుతున్నారు. ఈ రెండు అంకెలనూ ఆవిడ పక్కన కూర్చుని, తెలుగులో, తీరిగ్గా ఎవరైనా చెప్పారా? మేము వార్డులో తల్లిదండ్రులకు గంటలకొద్దీ వివరించేవాళ్ళం గాని, మూలన కుర్చీలో కూర్చుని చేతిలో జపమాల తిప్పుకుంటున్న బామ్మగారి వైపు తిరిగేవాళ్ళం కాదు. భాష వచ్చిన నేను కూడా తొలి ఏళ్లలో తిరగలేదు. ఆవిడ భయపడుతున్నది ప్లాస్టిక్ ఎముకలకు కాదని, వాటి పేరు చెప్పి మనవడి గురించి అడుగుతున్నారని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆవిడతో ఈ పండుగ గురించి మాట్లాడాలంటే, దారి చాలా దగ్గర్లోనే ఉంది. కట్టే ఇంటికి కోరమీసాలు, వేలాడే నాలుక ఉన్న రాక్షసుడి ముఖం ఎందుకు కడతామో, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ ఎందుకు వేలాడదీస్తామో ఆవిడకు మనం చెప్పనక్కరలేదు. ఐర్లండు పల్లెల్లో సరిగ్గా అందుకే పెద్ద ముల్లంగిలాంటి దుంపను తొలిచి, వికృతమైన ముఖం చెక్కి, లోపల దీపం పెట్టి గుమ్మంలో ఉంచేవారు. పందొమ్మిదో శతాబ్దంలో కరవుకు తాళలేక అమెరికాకు తరలివచ్చిన ఐరిష్‌వారికి ఇక్కడ గుమ్మడికాయ దొరికింది, తొలవడానికి అదే సులువైంది. పంటలు చేతికొచ్చి చలికాలం మొదలయ్యే ఆ రాత్రి చచ్చినవారికీ బతికినవారికీ మధ్య తెర పల్చబడుతుందని వారి నమ్మకం. తరువాత చర్చి నవంబరు 1ని సకల పునీతుల దినంగానూ, 2ని ఆత్మల దినంగానూ చేసింది, ముందురోజు సాయంత్రానికి హాలోవీన్ అన్న పేరు అలా మిగిలింది. ఇంగ్లండులో పేదలు ఇంటింటికీ వెళ్ళి, ఆ ఇంటి పెద్దల ఆత్మశాంతికి ప్రార్థన చేస్తామని చెప్పి చిన్న రొట్టెలు అడిగి తినేవారు. అంతకు కొద్ది వారాల ముందే మహాలయ పక్షంలో పెద్దల పేరిట స్వయంపాకం ఇచ్చి వచ్చే మనకు ఇందులో అర్థం కానిదేమీ లేదు.

పిల్లలు ఇంటింటికీ వెళ్ళి తీపి అడగడం కూడా మీ అత్తగారికి కొత్త కాకపోవచ్చు. గోదావరి జిల్లాల్లో ఆవిడ వయసువారు చాలామంది చిన్నప్పుడు దసరా సెలవుల్లో రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని, పంతులుగారి వెంట ఇంటింటికీ వెళ్ళి పద్యాలు పాడి, ఆయనకు దక్షిణ, తమకు పప్పు బెల్లాలు తెచ్చుకున్నవారే. మా అమ్మ ఇది చెబుతూ, పిసినారి ఇంటి ముందు పద్యం ఇంకొంచెం గట్టిగా పాడేవాళ్ళమని నవ్వేది. ట్రిక్ ఆర్ ట్రీట్, అంటే తీపి పెట్టకపోతే అల్లరి చేస్తాం అన్న బెదిరింపుకూ దానికీ నాకు పెద్ద తేడా కనిపించదు. వేషానికీ జబ్బుకూ సంబంధం అడిగితే, తిరుపతిలో ఏటా మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతర ఉండనే ఉంది; బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అని రోజుకొకటి కట్టి, ఒంటికి బొగ్గో నామమో పూసుకుని, చిన్నపిల్లలకు కూడా పూసి, రోగాలు రాకుండా కాపాడమ్మా అని మొక్కు తీర్చుకుంటారు.

ఇన్ని చెప్పినా, రెండూ ఒకటేనని మీ అత్తగారిని ఒప్పించబోకండి, ఎందుకంటే ఒకటి కావు. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళం కాళ్ళు కడుక్కోకుండా గడప తొక్కం. శ్మశానాన్నే ముంగిట్లోకి తెచ్చి నవ్వుకోవడం మన దగ్గర ఏ పండుగలోనూ లేదు. గుమ్మడికాయ, వేషాలు, చాక్లెట్లు మన లోపలికి సులువుగా వచ్చేస్తాయి, సమాధిరాయి రాదు. 35 ఏళ్లుగా ఇక్కడ ఉంటున్న నాకే రాలేదు.

అలా ఎందుకంటున్నానో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పాలి. వార్డులో హాలోవీన్ అంటే నాకు ఇష్టంగానే ఉండేది. పిల్లలు ఇంటింటికీ తిరగలేరు కాబట్టి మేమే వేషాలు వేసుకుని బొమ్మలు, స్టిక్కర్లు పట్టుకుని గదిగదికీ వెళ్ళేవాళ్ళం. ఒక ఏడాది మీ బాబు వయసువాడే ఒకడు నర్సు వేషం వేశాడు. వాడి గదిలోకి వెళ్ళగానే నన్ను మంచం మీద కూర్చోమన్నాడు. మోచేతి పైన రబ్బరుపట్టీ కట్టాడు, స్పిరిట్ దూదితో తుడిచాడు, సూది లేని సిరంజి తీసి, "మూడు లెక్కపెడతాను, కదలకూడదు" అన్నాడు. ఒకటి, రెండు అని, మూడు అనకుండానే పొడిచేశాడు. నేను ఎప్పుడూ అలాగే చేసేదాన్ని, పిల్లలు బిగుసుకుపోకముందే సూది వేయాలని రెండుకే వేసేదాన్ని. వాడు అది ఎన్నాళ్ళుగానో కనిపెట్టి ఉన్నాడన్నమాట. తరువాత నాకు స్టిక్కరు ఇచ్చి, చాలా ధైర్యంగా ఉన్నావని మెచ్చుకున్నాడు. ఏడాదంతా ఒంటి మీద ఎవరెవరో చేతులు వేసే పిల్లవాడికి ఒక సాయంత్రం సిరంజి తన చేతిలో ఉండడం ఎలాంటిదో ఆ రోజు చూశాను. ఆ మర్నాటి నుంచి మూడు లెక్కపెట్టే సూది వేశాను.

అటువంటి నేను 2016లో అదే పండుగను చూడలేకపోయాను. మావారికి కాలేయ క్యాన్సర్. ఇక చికిత్స వద్దనుకుని ఇంటికి తెచ్చుకున్నాము, ముందు గదిలో ఆసుపత్రి మంచం వేశాము. ఆ ఏడాది దీపావళి అక్టోబరు 30న వచ్చింది. మర్నాడు హాలోవీన్, మా గుమ్మంలో ఆరిపోయిన ప్రమిదలు ఇంకా తీయనేలేదు. మంచం మీద నుంచి చూస్తే కిటికీలో సరిగ్గా ఎదురింటి పచ్చిక, అందులో నాలుగు థర్మోకోల్ సమాధులు, ఒకదాని కింద మట్టిలోంచి పొడుచుకువచ్చిన ప్లాస్టిక్ చెయ్యి. నేను పగలంతా కర్టెను వేసే ఉంచాను. సాయంత్రం ఆయన అది తీయమన్నారు, గుమ్మం దీపం వేయమన్నారు, చాక్లెట్ల గిన్నె బయట పెట్టమన్నారు. వచ్చిన పిల్లలను మందుల చీటీ వెనక పెన్సిలుతో గీతలు గీస్తూ లెక్కపెట్టారు, ఐదేసి గీతలకు ఒక అడ్డగీత. 47 మంది దగ్గర నిద్రపోయారు. మరో తొమ్మిది రోజులకు వెళ్ళిపోయారు.

ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. మరుసటి ఏడాది నేను దీపాలన్నీ ఆర్పి మేడమీద కూర్చున్నాను. ఆపై ఏడాది గిన్నె పెట్టాను. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకే సాయంత్రం పడితే ప్రమిదల పక్కనే గుమ్మడికాయ పెట్టాను. పిల్లలు వస్తే సంతోషంగానే ఉంటుంది, సమాధిరాయి కనిపిస్తే ఒళ్ళు మండుతూనే ఉంటుంది. ఈ రెండింటిలో ఏదో ఒకటే నిజమై ఉండాలని నాతో నేను పోట్లాడడం మానేశాను. మీరు కూడా పిల్లల కోసం ఇష్టం నటించనక్కర్లేదు, అత్తగారి కోసం అయిష్టం నటించనక్కర్లేదు. "నాకు ఆ రాళ్ళు నచ్చవు, నీ వేషం మాత్రం నచ్చింది" అని పిల్లలతో అనవచ్చు. అలా అంటే వాళ్ళు బెదిరిపోరు. అమ్మ ఏదో దాస్తోందని తెలిసి, అదేమిటో తెలియకపోతేనే బెదురుతారు.

మీ అమ్మాయి గురించి ఒక అనుమానం ఉంది, తప్పైతే వదిలేయండి. ఇంట్లో ఏడు నెలలుగా ఎముక మజ్జ, బోన్ మ్యారో టెస్టు, మ్యారో రిపోర్టు అన్న మాటలు తప్ప మరోటి లేవు. పదేళ్ల పిల్ల తమ్ముడి ఎముకల్లో ఏదో ఉందని విని, హాలోవీన్‌కు ఎముకలే కావాలని అడిగితే అది మొండితనం కాకపోవచ్చు. ఎందుకు కావాలని విచారణలా కాకుండా, కారులో వెనక సీటులో ఉన్నప్పుడు, ముఖాలు ఎదురెదురుగా లేనప్పుడు అడిగి చూడండి. జబ్బుపడ్డ పిల్లల అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఏదీ అడగకుండా ఉండడం నేర్చుకుంటారు. ఏడాదిలో ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే అయితే కాదనకండి. అత్తగారి కోసం ఆ డ్రెస్సును ఇంట్లోకి తేకుండా గరాజులోనే ఉంచి, అక్కడే వేయించి, అక్కడే విప్పించి, స్నానం చేసి లోపలికి రమ్మనండి. ఆవిడకు మైల పద్ధతి నిలిచినట్టు ఉంటుంది, అమ్మాయికి రహస్య స్థావరం దొరికినట్టు ఉంటుంది. బాబు వెళ్ళలేకపోతే అక్క రెండు సంచులు తీసుకువెళ్ళాలి, ఒకటి తనది, ఒకటి తమ్ముడిది. అడిగితే కాదనే ఇల్లు నేను చూడలేదు. కానీ ఆమె స్నేహితులతో వెళ్ళే ఆ గంటలో తమ్ముడి గురించి ఎవరికీ చెప్పాలని లేకపోతే, ఒక్క సంచీతోనే వెళ్ళనివ్వండి.

అత్తగారికి గుమ్మం అప్పగించండి. గిన్నె ఒళ్ళో పెట్టుకుని కుర్చీ వేసుకుని కూర్చుంటే, వచ్చిన పసివాళ్ళను చూసి ఆవిడే కరుగుతారు. రాక్షసుడి వేషం వేసుకున్న రెండేళ్లవాడికి దిష్టి తీయాలని లేచినా ఆశ్చర్యపోకండి. వచ్చే పిల్లల్లో జలుబులు ఉంటాయి కాబట్టి ఆవిడ మాస్కు పెట్టుకుని, లోపలికి వచ్చేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లో అందరికీ ఫ్లూ టీకా అంతకు రెండు వారాల ముందే అయిపోవాలి. బాబు దగ్గరకు వచ్చిన ఏ పిల్లవాడికైనా ఆటలమ్మ వచ్చిందని తరువాత తెలిస్తే ఆ రోజే క్లినిక్‌కు చెప్పండి. ఇక ఏ సాయంత్రమైనా సరే, ఒళ్ళు 100.4 డిగ్రీలు తాకితే పండుగ అక్కడితో ఆపి ఫోను చేయండి. ముందు టైలెనాల్ (పారాసిటమాల్) ఇచ్చి చూద్దామనుకోకండి, అది జ్వరాన్ని కప్పిపుచ్చుతుంది. రాత్రి డ్యూటీ నంబరు ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి, అత్తగారికి కూడా చదవడానికి వీలుగా.

ఎదురింటి రాళ్ళ సంగతి మిగిలింది. నేను ఆ ఏడాది మా ఎదురింటివాళ్ళకేమీ చెప్పలేదు. వాళ్ళ పండుగ, వాళ్ళ పచ్చిక, మనమెవరం అనుకున్నాను. మూడేళ్ల తరువాత మంచు ఎత్తిపోసుకుంటూ మాటల్లో చెబితే ఆ ఇంటావిడ పార వదిలేసి నిలబడిపోయింది. మంచం ఆ కిటికీ దగ్గర ఉందని తనకు తెలియదని, తీసేయడం ఐదు నిమిషాల పని అని, అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ మాటే అంటుంది. మీ ఎదురింటివారికి బాబు జబ్బు సంగతే తెలియకపోవచ్చు. మా పిల్లవాడికి చికిత్స జరుగుతోంది, మా కిటికీలోంచి అవి కనిపిస్తున్నాయి, ఈ ఒక్క ఏడాదికి ఇంటి పక్కవైపుకు జరపగలరా అని అడగండి. హాలోవీన్ ఇంకా రెండు వారాలుంది. ఈ శనివారం ఎదురింటాయన పచ్చిక కోయడానికి బయటికి వచ్చినప్పుడు వెళ్ళండి, మీకు నోరు రాకపోతే మీవారిని పంపండి.